పూజ ఆగిన శిల



వసంత పంచమి నాడు సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్ట ఎక్కే జనంలో చాలామంది చేతిలో పలకా బలపం ఉంటాయి, చంకలో పిల్లవాడు ఉంటాడు. శ్రీ విద్యా సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించి, ప్రసాదం తిని, సాయంత్రానికి రాజీవ్ రహదారి పట్టి హైదరాబాదుకో సిద్దిపేటకో మళ్లిపోతారు. ఆ ఆలయం కొత్తది, ప్రతిష్ఠ జరిగింది 1990ల తొలినాళ్లలో. గుట్ట మాత్రం పాతది. శంభుని గుట్ట అన్న పేరులోనే శివుడున్నాడు. పాములా మెలికలు తిరిగే ఇరుకు దారిలోంచి పోయి దర్శించుకునే శివాలయం, కాకతీయుల కాలానివని చెప్పుకునే వైష్ణవాలయాలు, రాముడూ సీతా లక్ష్మణుడూ లక్ష్మీదేవీ చెక్కి ఉన్న సుమారు 30 అడుగుల రాతి స్తంభం ఆ గుట్ట మీదివే. పాత వైష్ణవాలయాల విగ్రహాలకు ఇప్పుడు పూజ లేదు. అవి భిన్నమయ్యాయి. భిన్న విగ్రహం పూజకు పనికిరాదన్నది తరతరాల నియమం. ఈ ‘పనికిరాదు’ అన్న మాటను గురించే నేనివాళ మాట్లాడదలచుకున్నాను.

ఆ మాట పూజకు సంబంధించిన తీర్పు. అర్చకుడు చెప్పవలసిన తీర్పు, చెప్పాడు. దానితో ఎవరికీ పేచీ ఉండనక్కరలేదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. పూజకు పనికిరాదన్న తీర్పును మనం తెలియకుండానే రాతి మొత్తానికి వర్తింపజేశాం. పూజకు పనికిరానిది దేనికీ పనికిరాదనుకున్నాం. కాబట్టి దాన్ని గోడలో రాయిగా పేర్చవచ్చు, చెట్టు కింద గుట్టపోయవచ్చు, లేదా ‘బాగుచేద్దాం’ అని రంగులేయవచ్చు అనుకున్నాం. పారేయడమూ, మెరుగులు దిద్దడమూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి కానీ రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే: విరిగిన వస్తువు విరిగిన స్థితిలో మనకేమీ చెప్పదని. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు మాట. పూజార్హత పోయినంత మాత్రాన సాక్ష్యార్హత పోదు. కళాఖండాల, చారిత్రక వస్తువుల పరిరక్షకుడు చేసే పనంతా ఈ రెండో అర్హతను కాపాడటం. కొత్తగా కనిపించేలా చేయడం అతని పనిలో భాగం కాదు. రేపు ఎవరో వచ్చి అడగబోయే ప్రశ్నకు జవాబు చెప్పగల స్థితిలో ఆ వస్తువును నిలిపి ఉంచడమే అతని పని. ఆ ప్రశ్న ఏమిటో అతనికి ఇవాళ తెలియదు. ఈ వృత్తిలోని కష్టమంతా అక్కడే ఉంది.

ముందు ఆ స్తంభాన్నే తీసుకుందాం. దాన్ని విజయస్తంభం అంటారు. కావచ్చు. అయితే విష్ణ్వాలయాల ఎదుట నిలిపే ఎత్తైన రాతి స్తంభాలు పలు రకాలు: గరుడ స్తంభం, ధ్వజస్తంభం, దీపస్తంభం. వీటిలో ఇది ఏది అన్న ప్రశ్నకు జవాబు కింద చెక్కిన బొమ్మల్లో కంటే స్తంభం కొన మీద దొరికే అవకాశం ఎక్కువ. దీపం పెట్టి ఉంటే రాతి సూక్ష్మరంధ్రాల్లో నూనె ఇంకి ఉంటుంది, మసి పట్టి ఉంటుంది. పైన ఇంకేదో నిలిపి ఉంటే కుసి దిగే గుంట ఉంటుంది. ఆ గుంటలో సీసమో ఇనుమో సున్నమో పోసిన జాడ ఉంటుంది. ఉలి గాట్ల తీరును బట్టి ఒకే కాలంలో చెక్కారా, బొమ్మలు తర్వాత చేర్చారా అన్నది ఊహించవచ్చు. ఇప్పుడు ఎవరో భక్తితోనే, పండగకు ముందు ఆ స్తంభాన్ని శుభ్రం చేయిద్దామనుకున్నారనుకోండి. కంప్రెసర్ గాలితో ఇసుక కొట్టించారనుకోండి. ఒక పూటలో రాయి తెల్లగా తేలుతుంది. నూనె మరక పోతుంది, మసి పోతుంది, ఉలి గాటు అంచులు అరిగిపోతాయి, వందల ఏళ్ల ఎండకూ వానకూ రాతి మీద ఏర్పడిన పైపొర లేచిపోతుంది. మనం మురికి అనుకుని తీసేసినదే ఆ స్తంభం ఇవ్వగలిగిన వాంగ్మూలం. అందుకే పరిరక్షకుడు మురికి అన్న మాట వాడే ముందు చాలాసేపు ఆగుతాడు. మెత్తటి పొడి కుంచెతో మొదలుపెడతాడు. దూది చుట్టిన పుల్లను స్వేదనజలంలో ముంచి, ఎవరికీ కనపడని మూలన గోరంత మేర రుద్ది చూస్తాడు. దూదికి ఏ రంగు అంటిందో రాసిపెట్టుకుంటాడు. దుమ్మైతే తీస్తాడు, పూత అయితే ఆగుతాడు. ఒక విగ్రహం ముఖం మీదే వారాల తరబడి ఈ పని సాగవచ్చు.

ఇంత జాగ్రత్త చాదస్తం కాదనడానికి మన గడ్డతో ముడిపడిన ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీని దానికి అధిపతిని చేసింది. చిత్రాలు పొరలు పొరలుగా రాలిపోతున్నాయని గుర్తించి, ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ అనే నిపుణుణ్ణీ, ఆయన సహాయకుడు ఓర్సీనీనీ రప్పించింది. 1920 నుంచి 1922 వరకు వారు పనిచేశారు. గోడ నుంచి వేరుపడుతున్న మట్టి గచ్చును తిరిగి అతికించి నిలబెట్టారు. ఆ పని లేకపోతే కొన్ని చిత్రాలు ఇవాళ ఉండేవి కావు. అయితే చిత్రాల మీద లక్క వార్నిష్ కూడా పూశారు. ఆ కాలానికి అది అంగీకృతమైన పద్ధతే, రంగులు వెంటనే నిగనిగలాడాయి కూడా. ఏళ్లు గడిచాక ఆ లక్క పసుపు తిరిగింది, దుమ్మును పట్టుకుంది, బిగుసుకుని కింది రంగును లాగసాగింది. దాన్ని తొలగించడానికి కేంద్ర పురావస్తు శాఖ రసాయనవేత్తలు దశాబ్దాల పాటు శ్రమించవలసి వచ్చింది. ఇక్కడ తప్పు ఎవరిదని వెతకడం నా ఉద్దేశం కాదు. ఆ పని చేసినవారు తమ కాలపు ఉత్తమ నిపుణులు, పిలిపించిన ప్రభుత్వం ఖర్చుకు వెనకాడలేదు. ఉత్తములే శ్రద్ధగా చేసిన పని కూడా యాభై ఏళ్లకు బరువు కాగలదన్నది ఇందులో గ్రహించవలసిన సంగతి. ఇలాంటి అనుభవాల నుంచే ఈ వృత్తి ఒక నియమాన్ని పెట్టుకుంది: వేసిన ప్రతి పదార్థాన్నీ తిరిగి తీయగలిగి ఉండాలి. ఈనాడు పారలాయిడ్ బి-72 వంటి జిగురును ఎంచుకునేది అది గట్టిదని కాదు, అసిటోన్‌తో మళ్లీ కరిగి వచ్చేస్తుందని. మరొక సంగతీ గమనించాలి. యజ్దానీ 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా అజంతా చిత్రాలను ఫోటోలతో సహా అచ్చు వేయించాడు. లక్క పూత కాలానికి ఓడింది, ఆ నమోదు నిలబడింది.

అమరావతి కథ ఇంకొంచెం కఠినమైనది. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేనాటికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టుకునే పనిలో స్తూపం దిబ్బను తవ్వించాడు. పలనాటి సున్నపురాయి పలకలు కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకూ పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకల్లో చాలావాటిని 1859లో లండన్‌కు ఓడ ఎక్కించారు. మిగిలినవాటిలో అనేకం మద్రాసు మ్యూజియంలో గోడలకు సిమెంటుతో బిగించారు. అలా బిగించినవి, పలకలను పారేయడం నుంచి కాపాడిన చేతులే. ఆ గోడల్లో చేరిన చెమ్మా, ఉప్పూ మెత్తని సున్నపురాతికి చేసిన హాని తర్వాతి తరం పరిరక్షకులకు పెద్ద పనైంది. దీనికి తోడు ఇంకో విషయం ఉంది. అమరావతి పలకల్లో కొన్నింటికి రెండు ముఖాలున్నాయి. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలకకు ఒక వైపు క్రీస్తుపూర్వపు శిల్పం ఉంది, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపక బోధివృక్షంతో, ఖాళీ ఆసనంతో సూచించినది. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకు అదే పలకను తిప్పి రెండో వైపు సమగ్ర స్తూపాన్ని చెక్కారు. అంటే ఆ స్తూపాన్ని పాత రాళ్లతోనే కొత్తగా తీర్చిదిద్దారని ఒక్క రాయి చెబుతోంది. ఏదో ఒక ముఖాన్ని గోడకు ఆనించి సిమెంటు పోస్తే సగం కథ మూతపడుతుంది. అందంగా ఉన్న వైపు చాలదా అని అడిగేవారికి నేనిచ్చే జవాబు ఈ పలకే.

సిమెంటు మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో పాత గుళ్లకు జరిగే హానిలో సింహభాగం దానిదే. పాత కట్టడాల గచ్చు సున్నంతో చేసినది. అది చెమ్మను లోపలికి రానిస్తుంది, బయటికీ పోనిస్తుంది. తనకంటే గట్టిదైన రాయి కదిలితే తాను పగిలి రాతిని కాపాడుతుంది. సిమెంటు ఈ రెండూ చేయదు. చెమ్మకు దారి మూసేస్తుంది. ఆ చెమ్మ పక్కనున్న రాతిలోంచి దారి వెతుక్కుంటుంది. వెంట తెచ్చుకున్న లవణాలు రాతి పైపొర కింద స్ఫటికాలై ఉబ్బుతాయి, రాయి పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. కదలిక వస్తే పగిలేది సిమెంటు కాదు, రాయి. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చేసిన పనిలో పెద్ద భాగం, 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పైన వేసిన సిమెంటును ఓపికగా తొలగించి తిరిగి సున్నపు గచ్చు వేయడమే. మరమ్మతును మరమ్మతు చేయడమన్నమాట. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. తిరిగి కట్టి తెరిచింది 2024 మార్చిలో. మధ్యలో 18 ఏళ్లు. కుంగిపోతున్న మండపాన్ని విప్పక తప్పలేదు, అంకెలు వేసిన రాళ్లను తిరిగి వాటి చోట్ల నిలిపిన శిల్పుల పనితనం మెచ్చుకోదగినది. కానీ ఆలస్యంగా మొదలయ్యే వైద్యం ఎంత పెద్దదవుతుందో ఆ 18 ఏళ్లు చూపిస్తున్నాయి.

ఇక అభ్యంతరాలు. వీటిలో బలమైనది మన సంప్రదాయం నుంచే వస్తుంది, కాబట్టి దానికే ఎక్కువ సమయం ఇస్తాను. అది అర్థం కావాలంటే ముందు చేర్యాల పటాల సంగతి చూడాలి. చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు వేసే పటాల మీద కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం చెబుతూ వచ్చారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూత పూసి, దాని మీద ఇంగిలీకపు ఎరుపు నేపథ్యంతో బొమ్మలు వేస్తారు. చుట్టి విప్పి, చుట్టి విప్పి పటానికి అడ్డంగా పగుళ్లు వస్తాయి. గుడ్డ చెమ్మకు సాగి ఎండకు బిగుసుకుంటుంది, సుద్ద పూతకు ఆ సాగుడు లేదు, అందుకే పెళుసుగా రాలుతుంది. గంజి కోసం పురుగు వస్తుంది. పటం పాతబడితే కొత్తది వేయించుకుని, పాతదాన్ని సాగనంపే తంతు జరిపి నీళ్లలో కలిపేవారు. భిన్నమైన విగ్రహాన్ని కూడా నీళ్లలో నిమజ్జనం చేయమన్న విధి ఉంది. మరి అభ్యంతరం ఇది: వదిలిపెట్టడం తెలిసిన సంస్కృతి మనది, వస్తువును పట్టుకు వేలాడటం మ్యూజియంలతో పాటు దిగుమతి అయిన బుద్ధి. పరిరక్షకుడు చేస్తున్నది మన పద్ధతి కాదు.

ఈ వాదనలో నిజం ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఆ పటాన్ని నీళ్లలో కలిపినప్పుడు ఏది పోయేది, ఏది మిగిలేది అన్నది చూడాలి. గుడ్డ పోయేది. కథ కూనపులివారి గొంతులో మిగిలేది, గీత నకాషీ చేతిలో మిగిలేది, పాత పటం చూసి కొత్త పటం వేయడంతో క్రమం మిగిలేది. ఆ చేయే భాండాగారం. వస్తువును నిశ్చింతగా వదిలిపెట్టగలిగారంటే ఆ గొలుసు తెగలేదు కాబట్టే. ఇవాళ నకాషీ పనిచేసే ఇళ్లు కొద్ది. మూరలకొద్దీ పొడవున్న కథా పటం అడిగేవారి కంటే గోడకు తగిలించే చిన్న బొమ్మ కొనేవారే ఎక్కువ. గొలుసు సన్నబడ్డాక పాత పటం పరిస్థితి మారిపోతుంది. నిన్నటి దాకా ఎన్నో ప్రతుల్లో ఒకటైనది ఇవాళ ఆ క్రమానికి మిగిలిన ఒకే సాక్షి కావచ్చు. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల సేకరణలో పాత పటాలు నిలిచి ఉండబట్టే ఆ కళను చదవాలనుకున్నవారికి ఆధారం దొరికింది. వదిలిపెట్టడమే సంప్రదాయమని చెప్పేవారు, ఆ వదిలిపెట్టడానికి అండగా ఉన్న చేతులను మొదట చూపించాలి. వర్గల్ గుట్ట విషయంలో ఆ చేతులు లేనే లేవు. కాకతీయుల నాటి ఉలి పట్టు ఇవాళ ఎవరి చేతిలోనూ యథాతథంగా లేదు. గుట్ట మీది పాత శిలలకు ప్రతి లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ విగ్రహాలు భిన్నమైనా ఎవరూ వాటిని నీళ్ల పాలు చేయలేదు. పూజ ఆపినవారు వాటిని గుట్ట మీదే ఉండనిచ్చారు. ఎందుకు ఉండనిచ్చారో మనకు రాసిపెట్టి లేకపోవచ్చు, ఆ ఉండనివ్వడం మాత్రం మనకు అందిన సంప్రదాయమే.

రెండో అభ్యంతరం భక్తుడిది. అవయవం విరిగిన దేవుణ్ణి అలా చూడలేం, అతికించి నిండుగా చేయండి, లేదంటే జీర్ణోద్ధారణ చేసి కొత్తది ప్రతిష్ఠించండి అంటాడు. ఈ బాధను గౌరవించకుండా ఈ పని చేయడం కుదరదు. కానీ జీర్ణోద్ధారణ అంటే ఇష్టం వచ్చినట్టు కొత్తది కట్టడమని మన శాస్త్రాలే అనలేదు. శిల్పశాస్త్ర గ్రంథమైన మయమతం ఇందుకు ఒక అధ్యాయమే కేటాయించి, పాత లక్షణాలు ఇంకా గుర్తుపట్టేలా ఉన్న కట్టడాన్ని దాని ద్రవ్యాలతోనే సరిచేయాలంది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలంది. ఎక్కడి శిల్పాచార్యుడు, ఎక్కడి వెనిస్, అయినా రెండు చోట్లా జాగ్రత్త ఒక తీరుదే. బాలాలయం ఏర్పాటులో ఇంకా లోతైన సంగతి ఉంది. మరమ్మతు జరిగేటప్పుడు దేవుడి కళను మరో చోటికి తరలించి పూజ సాగిస్తారు. దైవమూ, దైవం ఉన్న రాయీ వేరువేరని, దేనికి చేయవలసింది దానికి చేయవచ్చని మన అర్చక సంప్రదాయానికి ఎప్పుడో తెలుసు. వర్గల్‌లో ఈ సమస్య ఇంకా సులువుగా తీరింది. అక్కడ పూజకు నిండైన, నిత్యం దీపారాధన జరిగే ఆలయం ఉంది. భక్తి అడిగేవన్నీ అక్కడ నెరవేరుతున్నాయి. కాబట్టి పాత శిలలను నిండుగా చేసి తీరాలన్న ఒత్తిడి ఎవరి మీదా లేదు. విరిగిన ముక్కు స్థానంలో సిమెంటు ముక్కు పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. పూజ జరుగుతున్న పాత గుళ్లలో మాత్రం పరిరక్షకుడు రాజీపడాలి, పడాలనే నేనంటాను. నీటి అభిషేకం, నూనె, పసుపు కుంకుమలు ఆ విగ్రహపు జీవితం. ఎనామిల్ రంగు అలాంటిది కాదు. దేన్ని ఒప్పుకోవాలో, దేన్ని వద్దనాలో అర్చకుడితో కూర్చుని తేల్చుకోవాలి.

కంప్యూటర్‌లో త్రిమితీయ రూపం తీసి పెట్టుకుంటే సరిపోదా అన్న ప్రశ్న ఈ మధ్య తరచు వినిపిస్తోంది. తీయాలి, తప్పకుండా తీయాలి. కానీ స్కానర్ ఆకారాన్ని పట్టుకుంటుంది, పదార్థాన్ని కాదు. స్తంభం కొన మీది మసిని రేపు ఎవరైనా పరీక్షించాలంటే మసి ఉండాలి. హైదరాబాదు రాష్ట్ర మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ ఇక్కడికి చేరిన కాలంలో, వస్త్రపు చుట్లు విప్పకుండా లోపలికి చూసే సాధనాలు నేటిలా లేవు. దశాబ్దాల తర్వాత ఎక్స్‌రేలు తీయగలిగారంటే చుట్లు విప్పకుండా ఉంచారు కాబట్టి. 2016లో ప్రాణవాయువు లేకుండా నైట్రోజన్ నింపిన పేటికలో ఉంచి క్షయాన్ని నిలువరించారు. ఇంకా పుట్టని పరికరాల కోసం వస్తువును దాచి ఉంచడమంటే ఇదే.

ఖర్చు సంగతి. బడులకూ ఆస్పత్రులకూ డబ్బు చాలని చోట రాళ్లకెందుకని అడగడం న్యాయమే. అయితే పరిరక్షణలో చవకైన పనులే అతి ముఖ్యమైనవి. రాతి సందులో మొలిచిన రావి మొక్క బెత్తెడున్నప్పుడు తీయడానికి కూలీ ఖర్చు చాలు. మానయ్యాక తీయాలంటే గోడ విప్పాలి. వాననీరు పోయే కాలువ పూడిక తీయడం, విడి విగ్రహాలను మట్టిలోంచి లేపి చెమ్మ తగలని దిమ్మె మీద పెట్టడం, ప్రతి శిలకూ ఒక అంకె వేసి నాలుగు వైపులా కొలబద్దతో సహా ఫోటో తీసి రిజిస్టరులో ఎక్కించడం, ఇవన్నీ ఒక గ్రామం చేయగల పనులు. శిల ఎక్కడ దొరికిందో రాసిపెట్టకుండా కదిలించకూడదన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 1958 నాటి కేంద్ర చట్టం, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం జాబితాకెక్కిన కట్టడాలకు అండ. జాబితాకెక్కనివి మన గుట్టల మీద చాలా ఉన్నాయి. వాటికి ఆ ఊరి రిజిస్టరే మొదటి రక్షణ పత్రం.

వర్గల్ గుట్ట మీద మొదట జరగవలసింది ఈ రిజిస్టరే. దానిలో మొదటి పుట ఆ స్తంభానిది కావాలి: ఎత్తు, చుట్టుకొలత, ఏ ముఖం ఏ దిక్కుకు ఉంది, ఎక్కడ రంగు, ఎక్కడ సున్నం, ఎక్కడ నాచు. తర్వాత పరంజా కట్టి ఒక పరిరక్షకుణ్ణి కొన దాకా ఎక్కించాలి. పైన నూనె ఇంకిన మరక ఉందో, కుసి గుంట ఉందో, రెండూ లేవో అతను చూసి రాసేవరకు ఆ రాతి మీదికి ఇసుక గొట్టం గానీ రంగు డబ్బా గానీ వెళ్లకూడదని ఈ సభ ద్వారా వర్గల్ పెద్దలను వేడుకుంటున్నాను.